మిషనుకు తగ్గ కేసు

రక్తం కళ్ళజూసిన మొదటి దెబ్బ మంగళవారం ఉదయం పదిన్నరకి పడింది. కారణం, మిల్లీమీటరులో పదో వంతులు మూడు. కత్తిరించి పారేసే గోరంత మందం కూడా కాదు.

దెబ్బ తిన్నవాణ్ణి అందరూ చీమ అంటారు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, సన్నగా ఉంటాడు. నోట్లో నాలుక లేనివాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, చిమటాతో ఆవగింజలో సగం ఉండే మరలు తిప్పుతూ పొద్దంతా కదలకుండా కూర్చోగలడు. కొట్టినవాడు అతని బావ, అక్క మొగుడు. భారీ మనిషి, భారీ గొంతు. ఆయనకి వీధిలో ఉరుము అని పేరు. ఆ పేరు పెట్టింది కింద టైర్ల కొట్టాయన. "పైన లేతు ఆగిందంటే ఉరుము మొదలైందన్నమాట" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ సమయంలో మాత్రం మెట్లెక్కి పైకి వచ్చేవాడు కాదు.

ఈ ఇద్దరి మధ్యా అక్క ఉండేది. చీమకంటే ఆరేళ్ళు పెద్దది. డయళ్ళు బిగించడం, ముళ్ళు గుచ్చడం, ఆర్డర్లు మాట్లాడటం, అరుపులకీ మౌనానికీ నడుమ నిలబడటం ఆమె పనులు. తమ్ముడు అక్కా అంటాడని వీధంతా ఆమెని అక్కా అనే పిలిచేది.

వాళ్ళు చేసేవి పాతకాలం పోలికలో ఉండే క్రోనోగ్రాఫ్ వాచీలు. అంటే, ఓ పక్క టైము చూపిస్తూనే, బటను నొక్కితే పరుగుపందెం గడియారంలా సెకండ్లు లెక్కపెట్టేవి. లోపలి మిషను ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాతది. దాని చుట్టూ ఉండే స్టీలు కేసు ఉరుము తన లేతు మీద కొత్తగా తిప్పింది. ఆ రెంటినీ కలపడంలోనే ఉంది పనంతా. మిషను కేసులో వదులుగా ఉండకూడదు; ఉంటే మధ్యలో ఇత్తడి రింగు వెయ్యాలి. ఒకదాని మీద ఒకటి మూడంతస్తులుగా లేచిన ముళ్ళు అద్దానికి రాసుకోకూడదు. అన్నిటికంటే చిక్కు పక్క రంధ్రాలతో. కీ తిప్పే బొడిపెకి పైనొకటి, కిందొకటి, పుట్టగొడుగుల్లాంటి రెండు బటన్లుంటాయి. నొక్కితే ఒక్కొక్కటీ లోపలికి వెళ్ళి, మిషను అంచున ఉన్న మీటని సరిగ్గా నడిమధ్యన తాకాలి. రంధ్రం ఎత్తు రవ్వంత తేడా వస్తే బటను మీట మీద నుంచి జారిపోతుంది.

"సంబంధం చూసినట్టే. పైకి ఈడూ జోడూ బావుంటే చాలదు, లోపలి గుణాలు కలవాలి" అనేది అక్క. ఆమె నవ్వుతూ అన్నా ఆ మాటకి ఇద్దరు మగవాళ్ళూ నవ్వేవారు కాదు.

ఆ ఏడాది కార్ల పందేల క్లబ్బొకటి ముప్పై ఆరు వాచీలు అడిగింది. మిషన్లు రెండు రేకు డబ్బాల్లో వచ్చాయి, డబ్బాకి పద్దెనిమిది చొప్పున. పై నుంచి చూస్తే అన్నీ కవల పిల్లలే. రెండో డబ్బా విప్పి శుభ్రం చేస్తున్నప్పుడు చీమకి అనుమానం వచ్చింది. కొలిచాడు. ఆ డబ్బాలో వాటికి ఫ్యాక్టరీవాళ్ళు అడుగు పలక మార్చారు. బటన్లు తాకే మీటలు మొదటి డబ్బా వాటికంటే కిందికి ఉన్నాయి. పదో వంతులు మూడు.

కాగితం మీద రాసుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. ఉరుము లేతు మీద వంగి ఉన్నాడు. స్టీలు చుట్టలు చుట్టలుగా లేచి కాళ్ళ దగ్గర పడుతోంది.

"బావా, రెండో డబ్బా మిషన్లకి రంధ్రాలు కాస్త కిందికి వెయ్యాలండీ" అన్నాడు చీమ.

ఉరుము తల ఊపాడు. అది ఔననో, లేతుతో పాటు ఊగిందో చీమకి తెలియలేదు. ఇంకోసారి చెప్పాలంటే లేతు ఆపించాలి. రెండు నెలల కిందట అలాగే భుజం మీద చెయ్యి వేసి ఆపించబోయాడు. అప్పుడు పడిన చెంపదెబ్బకి మూడు రోజులు చెవిలో ఈల మోగింది. కాసేపు నిలబడ్డాడు. కాగితాన్ని పనిముట్ల అర మీద, బిట్ల పక్కన పెట్టి బయటికి వచ్చేశాడు.

నాలుగు వారాల తరవాత, ఆ మంగళవారం, రెండో డబ్బాలోని మొదటి మిషను కేసెక్కింది.

చీమ వెనక మూత బిగించి వాచీని బావ చేతికిచ్చాడు. ఉరుము పై బటను నొక్కాడు. పొడుగు ముల్లు కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు. ముల్లు ఉలిక్కిపడ్డట్టు ఒక్క గీత జరిగి ఆగింది.

"బలంగా నొక్కకండి బావా, మీట వంగిపోతుంది."

"నా వేలికి బలం ఎంత ఉండాలో నువ్వు చెప్తావా?"

బొటనవేలితో అదిమి నొక్కాడు. లోపల టిక్కుమని సన్నటి చప్పుడైంది. ఆ చప్పుడేమిటో ఇద్దరికీ తెలుసు. చీమ వాచీ తీసుకుని మూత విప్పి చూశాడు. మీట వంకర తిరిగి పక్క చక్రం మీద పడి ఉంది. చక్రం పళ్ళు రెండు విరిగాయి. అలాంటి చక్రాలు ఇప్పుడెవరూ చెయ్యరు.

"మిషను సరిగ్గా కూర్చోబెట్టలేదు నువ్వు" అన్నాడు ఉరుము.

"కూర్చుందండీ. రంధ్రమే..."

ఆ మాట పూర్తి కాలేదు. ఉరుము అతని మెడ వెనక పట్టుకుని ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. కంటికున్న భూతద్దం పగిలి కనుబొమ్మ చీరింది. చీమ అరవలేదు. అతనికి అరవడం రాదు. రక్తం కంట్లోకి కారుతుంటే చేతులతో బల్ల మీద మిషన్ల పళ్ళేన్ని దూరంగా జరిపాడు, ఎక్కడ తడుస్తాయో అని. ఉరుముకి అది చూసి మరీ మండింది.

"రంధ్రమా? నా రంధ్రమా? పాతికేళ్ళ నుంచీ వేస్తున్నానురా! రా, నీ చేత్తోనే చూపిద్దువుగాని."

చొక్కా పట్టుకుని వెనక గదిలోకి ఈడ్చాడు. అక్కడ గోడ పక్కన చేతి ప్రెస్సు ఉంటుంది. కేసు రంధ్రాల్లోకి గొట్టాలు దిగ్గొట్టడానికి వాడతారు. మీట లాగితే బొటనవేలంత స్టీలు కడ్డీ సూటిగా కిందికి దిగుతుంది. ఉరుము చీమ కుడి చేతిని దాని కింద పెట్టి తన మోచేత్తో అదిమి పట్టాడు. బెదిరిద్దామనే పెట్టాడని తరవాత కోర్టులో ఉరుము తరఫు లాయరు అన్నాడు. ఏమో. చీమ ముఖంలోకి ఒక్క క్షణం చూసి మీట లాగాడు.

ఈసారి చీమకి అరవడం వచ్చింది.

అక్క అప్పుడే మెట్లెక్కుతోంది. ఆ కేక తమ్ముడిదని ఆమెకి వెంటనే తెలియలేదు, ఎప్పుడూ వినలేదు కాబట్టి. లోపలికి వచ్చి చూసింది. చూపుడువేలూ మధ్యవేలూ ప్రెస్సు కిందే ఉన్నాయి, మొగుడి చెయ్యి ఇంకా మీట మీదే ఉంది.

"ఎత్తు" అంది.

ఆయన కదల్లేదు. ఆయనకి వినబడుతున్నట్టు కూడా లేదు.

బల్ల మీద ముళ్ళు బిగించే స్టీలు దిమ్మె ఉంది, అరచేతిలో పట్టేంతది, రెండు కిలోలు. అక్క దాన్ని రెండు చేతులతో ఎత్తి మొగుడి మెడకీ భుజానికీ మధ్య కొట్టింది. ఎండుకొమ్మ విరిగినట్టు ఎముక విరిగింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆమె దిమ్మె కింద పెట్టలేదు. మీట పైకెత్తి, తమ్ముడి చెయ్యి బయటికి తీసి, ఇంకా దిమ్మె పట్టుకునే నిలబడింది.

ముగ్గురూ ఒకే టాక్సీలో ఆసుపత్రికి వెళ్ళారు. ఇంకేం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ముందు సీట్లో ఉరుము ఎడమ చెయ్యి పట్టుకుని మూలుగుతున్నాడు. వెనక చీమ చేతికి డయళ్ళు తుడిచే మెత్తటి గుడ్డలన్నీ చుట్టి అక్క ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరు అద్దంలోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి రేడియో ఆపేశాడు.

"ఏం జరిగింది?" అని అడిగింది డాక్టరమ్మ.

"ప్రెస్సులో పడిందండీ చెయ్యి" అన్నాడు చీమ.

"మరి ఈయనకి?"

"నాకూ మిషనే తగిలింది" అన్నాడు ఉరుము.

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "ఒకే మిషను ఒకర్ని వేళ్ళ మీద, ఇంకొకర్ని మెడ కింద కొట్టిందా? మహా తెలివైన మిషనే." అక్క వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

అక్క నేల చూపులు చూసింది. "అంతేనండీ" అంది.

అబద్ధం ఆడాలని ముగ్గురూ అనుకున్నది లేదు. ఇంట్లో కుంపటి వీధిన పెట్టకూడదని ఎప్పుడో పట్టుబడిన అలవాటు, దానంతటదే నోట్లోంచి వచ్చింది.

చూపుడువేలు మొదటి కణుపు తీసేశారు. మధ్యవేలు మిగిలింది గానీ వంగదని చెప్పారు. ఉరుముకి భుజం చుట్టూ పట్టీ కట్టి ఇంటికి పంపించారు. అక్క ఆయనతో ఇంటికి వెళ్ళలేదు. తమ్ముడి అద్దె గదిలో నేల మీద పక్కేసుకుంది. మర్నాడే మనిషిని పిలిపించి దుకాణం తాళం మార్పించింది.

ఉరుము మొదటి వారం ఊరుకున్నాడు. ఆ తరవాత టైర్లాయనతో కబురు పంపించాడు: "నా లేతు నాకిమ్మను." రెండు రోజులాగి ఇంకో కబురు: "నా కేసులు నాకిమ్మను." మూడో కబురు చెప్పడానికి టైర్లాయన మొహమాటపడ్డాడు.

"చెప్పండి, ఫరవాలేదు" అంది అక్క.

"తలుపు పగలగొడతాడటమ్మా. నేను చెప్పానని కాదు గానీ, తలుపుకి అడ్డగడియ ఒకటి పెట్టించుకోండి."

ఆమె గడియ పెట్టించుకుంది. ఆ తరవాత పాడైపోయిన వాచీని ముందేసుకుని కూర్చుంది. ఎవరి తప్పో తేల్చాలని కాదు. క్లబ్బువాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి, ఏం చెప్పాలో తెలియాలి. కాలిపర్‌తో కేసు రంధ్రం ఎత్తు కొలిచింది. మిషను మీట ఎత్తు కొలిచింది. రెండు అంకెలూ పక్కపక్కన రాసింది. నమ్మకం కుదరక ముప్పై ఆరు కేసులూ, మిగతా మిషన్లూ వరసగా కొలిచింది. కేసులన్నీ ఒకే కొలత, వెంట్రుకవాసి తేడా లేదు. అంత చక్కటి పని ఇంకెవరి చేతిలోంచీ రాదు. వాటిలో పద్దెనిమిదింటి మిషన్లు కలుస్తాయి, పద్దెనిమిదింటివి కలవవు. మనిషి తప్పు కొలతని తప్పు లేకుండా వేశాడు.

లేతు కింద స్టీలు చుట్టలు ఊడుస్తుంటే కాగితం దొరికింది. నూనె తుడుచుకుని ఉండచుట్టి పారేసినట్టుంది. విప్పితే ఉరుము బొటనవేలి నల్లటి ముద్ర కింద తమ్ముడి రాత, సన్నగా, చక్కగా: రెండో డబ్బా, మూడు పదో వంతులు కిందికి.

మర్నాడు ఉదయం చీమ దుకాణానికి వచ్చాడు, చేతికి కట్టుతో. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందన్నాడు. ఎడమ చేత్తో చిమటా పట్టడం నేర్చుకుంటానన్నాడు. అక్క కాగితం తీసి చూపించబోతుండగా తలుపు మీద మొదటి తన్ను పడింది.

నాలుగో తన్నుకి గడియ ఊడి గోడకి కొట్టుకుంది. ఉరుము లోపలికి వచ్చాడు. ఎడమ చెయ్యి ఛాతీకి కట్టి ఉంది, కుడి చేతిలో సుత్తి. గడ్డం గీసుకోలేదు. ఒక్కడే ఇంట్లో ఉన్న మనిషి వాసన వేస్తున్నాడు.

"నా కేసులేవి?"

అక్క లేచి నిలబడింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. "ఉన్నాయి. ముందు ఇది చూడు. ఆ తరవాత నీ ఇష్టం." కాలిపర్, కేసు, మిషను ముందుకి తోసింది.

ఎంత కోపంలోనూ కొలత చూడకుండా ఉండలేడు ఆయన. సుత్తి చంకలో ఇరికించుకుని ఒంటి చేత్తోనే కొలిచాడు. రెండో కేసు కొలిచాడు. మూడోది. ముఖంలో రంగు మారింది. అక్క కాగితం తీసి పక్కన పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు, తన వేలిముద్రని చూశాడు.

ఆ క్షణంలో ఆయన ఏడుస్తాడనే అనుకున్నానని అక్క తరవాత చెప్పింది.

"నాకు చెప్పలేదు వీడు" అన్నాడు ఉరుము.

"చెప్పాను" అన్నాడు చీమ. "లేతు తిరుగుతోంది."

"మళ్ళీ చెప్పొచ్చుగా? నోరు లేదా?"

"చెప్తే కొడతావుగా."

పదేళ్ళలో బావని అతను నువ్వు అనడం అదే మొదలు. కింద టైర్ల కొట్లో గాలి కొట్టే మోటారు ఆగి, మళ్ళీ మొదలైంది.

ఉరుము సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. కొట్టింది మనుషుల్ని కాదు, ముందు కేసుల్ని. ఒకటి, రెండు, మూడు. తాను నెలల తరబడి తిప్పిన కేసుల్ని బల్ల మీద ఒక్కో దెబ్బకి ఒక్కోటి అప్పచ్చుల్లా అణిచేశాడు. ప్రతి దెబ్బకీ నోట్లోంచి మాట కాని శబ్దం ఒకటి వచ్చింది. అయిదో కేసు తరవాత సుత్తి పక్కకి, మిషన్ల పళ్ళెం మీదకి తిరిగింది.

"వద్దు!" అని చీమ పళ్ళెం మీద బోర్లా పడ్డాడు.

సుత్తి వీపు మీద పడింది, రెక్క ఎముక కింద. ఊపిరి ఆగిపోయింది. ఉరుము మళ్ళీ ఎత్తాడు, ఈసారి తలకి గురిపెట్టి. అక్క ఆ చేతిని పట్టుకు వేలాడింది. ఆయన విదిలించేసరికి వెళ్ళి గోడకి కొట్టుకుంది. అయినా ఆ విదిలింపులో దెబ్బ గురి తప్పి బల్ల చెక్కని చీల్చింది.

చీమ ఎడమ చేతికి బల్ల మీద ఏదో తగిలింది. సూదిమొన ఉలి, ఇత్తడి రింగుల్ని సన్నం చేసేది, కలమంత ఉంటుంది. తిరిగి, కళ్ళు మూసుకుని పొడిచాడు. అది ఉరుము తొడలోకి పిడి దాకా దిగింది. ఉరుము కేక వేశాడు. సుత్తి చేతిలోంచి జారి నేల మీద దొర్లుకుంటూ లేతు గదిలోకి పోయింది. ఆయన బల్ల పట్టుకుని నిలదొక్కుకోబోయాడు.

చీమ ఉలి బయటికి లాగి మళ్ళీ పొడిచాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాడు.

అక్క అది చూసింది.

తరవాత గదిలో మిగిలింది ముగ్గురు మనుషుల ఊపిరి చప్పుడు. అక్క లేచి, తన పైట కొంగు చింపి, మొగుడి తొడ చుట్టూ బిగించి కట్టింది. ఆమె నుదుటి మీద రక్తం ఆయన చొక్కా మీద చుక్కలు చుక్కలుగా పడింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. "గట్టిగా కట్టు" అన్నాడు. "కడుతున్నా. కదలకు" అంది. పెళ్ళయిన పదేళ్ళలో అంత నెమ్మదిగా వాళ్ళు మాట్లాడుకున్నది చాలా తక్కువ.

టైర్లాయన ఇద్దరు కూలీలతో పైకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. పోలీసులకి ఫోను చేసింది ఆయనే. "చీమ కుట్టింది, చీమే కుట్టింది" అని మెట్ల మీద ఎవరితోనో అన్నాడు. అది వేళాకోళమో, నమ్మలేకపోవడమో ఆయనకే తెలియదు.

వచ్చిన ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి. చుట్టూ చూసి, అణిగిపోయిన స్టీలు ముక్కొకటి బూటు కొసతో కదిపాడు.

"ఇవేంటి?"

"కేసులండీ" అన్నాడు చీమ.

"కేసులు మేం పెట్టాలయ్యా, నువ్వు కాదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన పుస్తకం తీసి, ముగ్గుర్నీ చూసి, అలవాటు ప్రకారం అడిగాడు: "కుటుంబ తగాదానా? మీలో మీరు సర్దుకుంటారా?"

ఉరుము, "సర్దుకుంటాం సార్" అన్నాడు. చీమ తల వంచుకున్నాడు.

"లేదు" అంది అక్క. "రాసుకోండి. రెండు వారాల కింద ఈయన మా తమ్ముడి వేళ్ళు ప్రెస్సులో నలగ్గొట్టాడు. నేను ఈయన ఎముక విరగ్గొట్టాను. ఆసుపత్రిలో ముగ్గురం అబద్ధం చెప్పాం. ఇవాళ ఈయన తలుపు పగలగొట్టి వచ్చి సుత్తితో కొట్టాడు. మా తమ్ముడు ఈయన్ని రెండుసార్లు పొడిచాడు." ఆగింది. "మొదటిసారి పొడవకపోతే వాడు చచ్చిపోయేవాడు. రెండోసారి పొడవక్కర్లేదు. అప్పటికి సుత్తి కింద పడిపోయింది."

"అక్కా!" అన్నాడు చీమ.

ఆమె అతని వైపు చూడలేదు.

కోర్టు ఎనిమిది నెలలు సాగింది. ఉరుముకి మూడేళ్ళు పడ్డాయి. అక్కని మందలించి వదిలేశారు. చీమకి ఆ రెండో పోటుకి రెండు నెలల జైలు. అక్క ప్రతి వారం వెళ్ళేది. అతను మొదటి మూడు వారాలూ ఆమెని చూడటానికి బయటికి రాలేదు. నాలుగో వారం వచ్చి, కడ్డీలకి అవతల కూర్చుని, ఇంట్లో గ్యాసు కట్టేసి వచ్చావా అని అడిగాడు. అంతకుమించి ఏం మాట్లాడలేదు.

ఆ మధ్యకాలంలో అక్క లేతు నేర్చుకుంది. ఒక రిటైరయిన ఫిట్టరు వచ్చి నెల రోజులు నేర్పించాడు. అరిచే మనిషి కాదు, ఎక్కువగా దగ్గేవాడు. కలవని కేసుల్లో రంధ్రాల్ని స్టీలు బిరడాలతో పూడ్చి, అతికి, సాన పట్టి, మూడు పదో వంతులు కిందికి మళ్ళీ వేసింది. మొదటి రెండూ పాడుచేసింది. మూడో దాని రంధ్రం వంకరపోయింది. నాలుగోది నిలిచింది. మిషన్లు కూర్చోబెట్టడానికి వేరే ఊరి వాచీ మేస్త్రీ ఒకతన్ని పిలిపించింది. అతను చీమ శుభ్రం చేసిన మిషను భూతద్దంలో చూసి, "ఇది చేసినాయన ఎక్కడున్నాడు?" అని అడిగాడు. "ఊరెళ్ళాడు" అంది. ఆ ఒక్క అబద్ధం ఆడింది. క్లబ్బుకి ఆలస్యంగా, ముప్పై ఆరుకి బదులు ఇరవై ఎనిమిది వాచీలు అందాయి. వాళ్ళు సణిగి తీసుకున్నారు.

చీమ విడుదలైన రోజు మధ్యాహ్నం అక్క దుకాణానికే తీసుకొచ్చింది. టీ పెట్టింది. అతను తన బల్ల ముందు కూర్చోలేదు, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. కుడి చేతి పొట్టి వేలు గ్లాసు అంచుకి అందక, గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆ రెండోది కూడా చెప్పాలా అక్కా?" అన్నాడు చివరికి. "ఆయనైనా చెప్పలేదు. ఆయనకే తెలియదేమో."

"ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగినప్పుడు నిజం చెప్పుంటే, ఆ తలుపు తన్నడానికి ఆయన బయట ఉండేవాడు కాదు. నీ వీపు మీద ఆ మచ్చ ఉండేది కాదు. సగం నిజం చెప్తే ఇంకో సగం మళ్ళీ ఎప్పుడో వచ్చి తలుపు తంతుంది."

అతను టీ తాగాడు. గ్లాసులోకి చూస్తూ అన్నాడు: "నీకొకటి చెప్తాను. ఎవరితోనూ అనకు. రెండోసారి పొడిచినప్పుడు నాకు హాయిగా ఉంది. భయం లేదు, కోపం లేదు. మిషను మొదటిసారి టిక్కుమని తిరిగినప్పుడు ఉంటుందే, అలా. జైల్లో రోజూ అదే తలుచుకున్నా. నాకది హాయిగా ఉందని తెలిసి భయపడ్డంత, వేళ్ళు పోయినందుకు కూడా భయపడలేదు."

అక్క లేచి కిటికీ రెక్క మూసింది, మళ్ళీ తెరిచింది.

"నాకూ అనిపించింది" అంది. "ఆ ఎముక విరిగిన చప్పుడు విన్నప్పుడు."

"తరవాత?"

"టాక్సీలో ఆయన మూలుగుతుంటే ఏడుపొచ్చింది."

"నాకు రాలేదు. ఇప్పటికీ రాలేదు."

"వస్తుందిలే."

"రాకపోతే?"

ఆమె తమ్ముణ్ణి ఓదార్చడానికి ఏదో ఒకటి చెప్పగలిగేది, చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉంది. ఈసారి చెప్పలేదు.

"రాకపోయినా రేపు తొమ్మిదింటికి పనిలోకి రా" అంది. "నాలుగు మిషన్లు ఆగి ఉన్నాయి. నాకు చేతకావడం లేదు."

మర్నాడు అతను పదింటికి వచ్చాడు. కుర్చీ ముందుకి జరుపుకుని, భూతద్దం ఎడమ కంటికి పెట్టుకుని, చిమటా అటూ ఇటూ మార్చి మార్చి పట్టుకుని చూశాడు. మొదటి మర మూడుసార్లు జారి నేల మీద పడింది. మూడుసార్లూ ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు.